బిట్రగుంట బ్రాంచిలో గూఢచారిగా నా సర్వీసు

నేను పద్నాలుగో ఏట పదవీ విరమణ చేశాను. అనారోగ్యమేమీ లేదు. మూతి మీద నూగు వచ్చింది, అంతే. మా వృత్తిలో గొంతు బొంగురుపోయినా, మీసం మొలిచినా, పాత నిక్కరు నడుముకు పట్టకపోయినా మర్నాటి నుంచి పనికి రానక్కర్లేదు. శాలువా ఉండదు, సన్మానం ఉండదు. మా సార్ నన్ను వెలుతురులోకి తిప్పి చూసి, "ఒరే, నీకు మీసం వస్తా ఉండాది రా" అన్నారు, ఏదో జబ్బు పేరు చెప్పినట్టు. నా సర్వీసు అక్కడితో ముగిసింది.

ఇప్పుడు నాకు ఇరవై. రోజూ కావలికి వెళ్ళి డిగ్రీ చదువుతున్నాను. మీలో కొందరు కొత్తగా ఈ పనిలో చేరుతున్నారని తెలిసింది. ఎలా తెలిసిందంటే, మొన్న మీలో ఒకడు మా గోడ మీద నక్కి, పట్టు తప్పి గేదె కుడితి తొట్టిలో పడ్డాడు. పిల్లల గూఢచారి పుస్తకాలు చదివి వస్తున్నారని కూడా తెలుసు. నేనూ వాటిని చదివే వచ్చాను. ఆ పుస్తకాల్లో పదేళ్ళ పిల్లవాడు హెలికాప్టరు నడుపుతాడు. నేను సర్వీసు మొత్తంలో నడిపిన అతి పెద్ద వాహనం మా నాన్న అద్దెకిచ్చే సైకిలు. అది కూడా సీటు అందక కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కాను.

అందుకే ఇది రాస్తున్నాను. హెలికాప్టర్ల గురించి ఎవరైనా చెబుతారు.

ట్యూషన్ సెంటరు

మా బ్రాంచి రైల్వే కాలనీలో ఒక పాత పెంకుల క్వార్టర్సులో ఉండేది. బయట 'ట్యూషన్ సెంటరు' అని బోర్డు. అది కవరు. కవరు అంటే మనం ఎవరమో తెలియకుండా పైకి వేసుకునే వేషం. చిక్కేమిటంటే, మా తల్లిదండ్రులు ఆ బోర్డు నమ్మి ఫీజు కట్టారు. ఫీజు కట్టినవాళ్ళు మార్కులు అడుగుతారు. అందువల్ల మా అధికారి పెంచలయ్య సార్ సగం పొద్దు దేశాన్ని కాపాడి, మిగతా సగం మాకు భిన్నాలు చెప్పాల్సి వచ్చేది. రెండింటిలో ఏది ఆయనకు ఎక్కువ కష్టమో నేను చెప్పను, ఆయన ఇంకా బతికే ఉన్నారు.

పెంచలయ్య సార్ మంచివారు, ధైర్యవంతులు. గుసగుసలాడితే మాత్రం రెండో ప్లాట్‌ఫారం దాకా వినిపించేది. రహస్య సంకేతాలన్నీ లెక్కల్లో పెట్టారు. 'కసాగు' అంటే అందరూ కలవాలి. 'గసాభా' అంటే ప్రమాదం, దాక్కోండి. మా బ్యాచిలో ఎవరికీ ఈనాటికీ గసాభా కట్టడం రాదు. పరీక్షలో ఆ ప్రశ్న కనబడగానే బెంచీ కింద దూరాలనిపిస్తుంది. ఒకడు దూరాడు కూడా.

మారుపేర్లు చేపలవి. మనిషిని చూసి సార్ పెట్టేవారు. నేను చిన్నగా ఉంటాను కాబట్టి నెత్తలి. నా జోడీ షాహీనా పొడుగ్గా, నల్లగా, చేతికి చిక్కకుండా ఉండేది, కాబట్టి కొరమేను. మా ఇద్దరిలో పని వచ్చింది ఆమెకే. నేను ఎక్కువగా దారిలో తినేవాణ్ణి. అదెందుకో తర్వాతి భాగంలో చెబుతాను.

ఆ ప్రశ్న

పుస్తకాల్లో గూఢచారికి శత్రువులుంటారు. తుపాకులుంటాయి. మా ప్రాంతంలో వాటికంటే ప్రమాదకరమైనది ఒకటుంది. మీరు ఏ వీధిలో, ఏ గోడ చాటున, ఏ బస్సు కింద దాక్కున్నా, ఎవరో ఒక పెద్దావిడ వంగి చూసి అడుగుతుంది:

"ఎవురి పిల్లోడివి రా నువ్వు?"

దీనికి ఏ శిక్షణా పనికిరాదు. జవాబు చెప్పకపోతే అనుమానిస్తారు. చెబితే మన తాత దాకా పోతారు. తాత తెలిస్తే ఇంట్లోకి పిలుస్తారు. పిలిస్తే పెడతారు.

నా మొదటి పని తుమ్మలపెంట సముద్రపు ఒడ్డున. ఒక పడవలోకి ఏవో పెట్టెలు ఎక్కుతున్నాయి, చూసి రమ్మన్నారు. ఎండబెట్టిన చేపల పక్కన పడుకుని చూస్తున్నాను. ఒకామె వచ్చి ప్రశ్న వేసింది. సైకిల్ షాపు కోటయ్య కొడుకునని చెప్పాను. "ఓయబ్బ, కోటయ్య కొడుకువా! మీ నాయన మా ఆయన సైకిల్‌కి బెల్లు ఊరికే ఏసిచ్చినాడు. రా, తినేసి పో" అంది. తిన్నాను. తిన్నవాణ్ణి ఊరకే కూర్చోలేక ఆమెతో పాటు చేపలు ఏరాను. పడవ ఎప్పుడో వెళ్ళిపోయింది. పెట్టెల్లో ఏముందో ఆమే చెప్పింది: ఐసు.

సార్‌కు నివేదిక ఇచ్చాను. ఆయన నన్ను దగ్గరికి రావద్దని, గుమ్మం బయట నుంచే చెప్పమని అన్నారు. వాసన అట్లాంటిది.

మున్నీ పిన్ని

పరికరాల విభాగం గురించి కూడా మీకు ఆశలుంటాయి. మా పరికరాల విభాగం స్టేషను ఎదురుగా మున్నీ పిన్ని మొబైల్ రిపేరు షాపు. ఆమె షాహీనా వాళ్ళ అమ్మకు చెల్లెలు, నాకేమీ కాదు, అయినా బిట్రగుంటలో ఆమెను అందరూ పిన్ని అనే అంటారు. తాను పరికరాల విభాగమని పాపం ఆమెకు తెలియదు. ఎవరూ తీసుకోకుండా వదిలేసిన పగిలిన ఫోన్లు మాకు ఆడుకోవడానికి ఇచ్చేది. వాటితో మేం దేశాన్ని కాపాడేవాళ్ళం. ఒకదాంట్లో టార్చి వెలిగేది. ఇంకొకటి వెలిగేది కాదు కానీ బరువుగా ఉండేది, ఆత్మరక్షణకు పనికొస్తుందని ఉంచుకున్నాం.

నాకు పదకొండేళ్ళున్న సంవత్సరం పిన్నికి ఒక సంబంధం వచ్చింది. అంతకుముందు వచ్చినవాటిని ఆమే వద్దంది. పెళ్ళయ్యాక షాపు మూసెయ్యాలన్నవాళ్ళతో ఆమె రెండో మాట మాట్లాడేది కాదు. ఈసారి వచ్చినాయన తడ దగ్గర ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, పేరు ఇర్ఫాన్. చూపులకు వచ్చి, ఇంట్లో టీ తాగి, షాపు చూస్తానన్నాడు. పిన్ని అప్పుడే ఒక ఫోను విప్పి ఉంది. ఆయన ఏమీ మాట్లాడకుండా టార్చి తీసి, ఆమె సన్న తీగ అతికించేంతసేపూ చెయ్యి కదల్చకుండా వెలుగు పట్టాడట. పోయేటప్పుడు, "కబురు చేస్తామండీ" అన్నాడట.

"అంతేనా పిన్నీ? ఇంకేం మాట్లాడలా?" అని షాహీనా అడిగితే, "మాట్లాడేవాళ్ళు శానామంది వచ్చినారు లే మే. టార్చి పట్టినోడు ఈయనొక్కడే" అంది పిన్ని.

అప్పటి నుంచి ఫోను మోగిన ప్రతిసారీ ఆమె స్క్రూడ్రైవరు చేతిలోంచి జారేది. తడ నుంచి కబురు రాలేదు.

రొయ్యల గుంటల మనిషి

ఆ రోజుల్లోనే రైల్వే కాలనీలో ఒక పెద్దమనిషి గది అద్దెకు తీసుకున్నాడు. తెల్ల చొక్కా, నెరిసిన గడ్డం, చంకలో గొడుగు. ఏం పని మీద వచ్చారంటే, రొయ్యల గుంటలకు స్థలం చూస్తున్నానన్నాడట. రైల్వే కాలనీలో తాగడానికే నీళ్ళు లేవు.

కానీ అతణ్ణి పట్టించింది రొయ్యలు కాదు. షాహీనా కనిపెట్టింది. "నెత్తలీ, ఆయన ముందర నేను మూడు తూర్లు పోయినా. ఒక్క తూరన్నా ఎవురి పిల్లవి అని అడగలా" అంది. ఈ జిల్లాలో పుట్టిన ఏ పెద్దమనిషీ పిల్లలను చూసి ఆ ప్రశ్న ఆపుకోలేడు. ఆపుకున్నాడంటే తన గురించి తిరిగి అడుగుతారన్న భయం ఉన్నట్టే లెక్క.

పైగా అతను మాటిమాటికీ మున్నీ పిన్ని షాపుకే వస్తున్నాడు. ఫోను పాడైందంటాడు.

"ఏం కాలేదన్నా దీనికి, చార్జింగ్ పెట్టుకో" అంటుంది పిన్ని.

"అట్లనా అమ్మా" అంటాడు. కదలడు. ఆమె ఎవరితో ఎట్లా మాట్లాడుతుందో, ఎవరికి చిల్లర ఎట్లా ఇస్తుందో చూస్తాడు. మర్నాడు అదే ఫోను, అదే జబ్బు.

పెంచలయ్య సార్ విషయమంతా విని కళ్ళు మూసుకున్నారు. "మన పరికరాల విభాగం మీద కన్నేసినారు" అన్నారు. బయట పోతున్న పాలాయన ఆగి, "ఎవురు సార్?" అని అడిగాడు. సార్ గొంతు తగ్గించారు.

కవరు

షాపులో ఇద్దరు ఏజెంట్లు కూర్చోవాలని సార్ నిర్ణయించారు. నేనూ షాహీనానూ. కవరు ఏమిటన్నది ప్రశ్న.

"సార్, ఆమె మా పిన్నే గదా. పిన్ని కాడికి వచ్చినాం అంటే సరిపోతాది" అంది షాహీనా.

సార్ ఆమెను జాలిగా చూశారు. "నిజం చెప్తే అది కవరెట్టా అవుతాది మే?"

అట్లా మేం మున్నీ పిన్నికి సొంత పిల్లలమయ్యాం. తండ్రి దుబాయిలో ఉన్నట్టు సార్ ఏర్పాటు చేశారు. ఆమెకు చెప్పాలా అంటే, పరికరాల విభాగానికి అన్నీ చెప్పకూడదన్నారు.

మధ్యాహ్నం. పిన్ని అన్నానికి ఇంటికి వెళ్ళింది. మేం కౌంటరు వెనక ఉన్నాం. తెల్ల చొక్కా ఆయన వచ్చి ఫోను కౌంటరు మీద పెట్టాడు. మమ్మల్ని చూశాడు. ఒకసారి బయటికి చూశాడు. ఇక ఆపుకోలేకపోయాడు.

"ఎవురి పిల్లలు మీరు?"

ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నకు పారిపోయినవాళ్ళం, ఆయన నోట వినగానే పండగ చేసుకోవాలనిపించింది. షాహీనా రెప్ప వెయ్యలేదు. "ఈ షాపామె పిల్లలం" అంది.

"ఇద్దరూనా?"

"ఇద్దరం."

"మీ నాయన?"

"దుబాయిలో ఉండాడు."

అక్కడితో ఆగితే ఎట్లా ఉండేదో. కానీ వివరం ఉంటేనే కవరుకు ప్రాణమని సార్ నేర్పారు. నేను ప్రాణం పోశాను. "ఇంకా ఇద్దరుండారు. ఆళ్ళు బుచ్చిరెడ్డిపాలెంలో మా అవ్వ దగ్గర చదువుకుంటా ఉండారు" అన్నాను.

ఆయన ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. గొడుగు తీసుకుని స్టేషను వైపు నడిచాడు. మేం ఒకరినొకరు చూసుకుని గెలిచాం అనుకున్నాం.

కౌంటరు మీద ఆయన ఫోను మోగింది. చార్జింగ్ నిండుగా ఉంది. అద్దం మీద ఒక ఫొటో, కింద 'ఇర్ఫాన్ అల్లుడు' అని పేరు.

షాహీనా ఆ ఫొటో చూసి స్టూలు మీద కూలబడింది. "నెత్తలీ. టార్చి పట్టినాయన" అంది.

ఫోను ఎత్తింది. అవతలి నుంచి ఆత్రంగా గొంతు: "మామా, ఇంకా ఎన్నాళ్ళు కనుక్కుంటావు? నాకామె నచ్చిందని చెప్పినా గదా. నువ్వు ఊఁ అంటే అమ్మ ఒప్పుకుంటాది. ఏం చెప్తావు?"

షాహీనా గొంతు సవరించుకుంది. "మీ మామ బయటికి పోయినాడండీ. కొంచేపాగి చెయ్యండి" అని పెట్టేసింది.

ఆయన శత్రుదేశం మనిషి కాదు. పెళ్ళికొడుకు మేనమామ. పిల్ల ఎట్లాంటిదో, ఇల్లెట్లాంటిదో గుట్టుగా వాకబు చెయ్యడానికి వచ్చాడు. మన దగ్గర ఏ సంబంధానికైనా ఎవరో ఒకరు చేసే పనే. మేం అతని మీద గూఢచర్యం చేస్తున్నంతసేపూ అతను మా మీద చేస్తున్నాడు. అతని కవరు రొయ్యలు, మా కవరు మేమే. ఇప్పుడతను వెంట తీసుకుపోతున్న సమాచారం ఏమిటంటే, పెళ్ళికూతురికి నలుగురు పిల్లలు.

ఫోను ఇక్కడే ఉంది కాబట్టి ఆ సంగతి ఇంకా తడ చేరలేదు. మద్రాసు వైపు ప్యాసింజరు వస్తే అతనితో పాటే చేరుతుంది.

ఒకటో నంబరు ప్లాట్‌ఫారం

పరుగున ట్యూషన్ సెంటరుకు పోయి చెప్పాం. సార్ లుంగీలో ఉన్నారు. అంతా విని, "ఏది ఏమైనా కవరు విడవకూడదు" అన్నారు. నియమం అది. ప్రాణం పోయినా విడవకూడదు.

"పోయేది నా ప్రాణం కాదు సార్, మా పిన్ని పెండ్లి" అంది షాహీనా. ఆమె ఏడవడం నేను మొదటిసారి చూశాను. గోడ మీద నుంచి పడ్డప్పుడు కూడా ఏడవని మనిషి.

సార్ చేతిలోని సుద్దముక్క పక్కన పెట్టారు. తర్వాత లుంగీ ఎగగట్టారు. ఒక అధికారిగా ఆయన మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి. ఆ లుంగీ ఎగగట్టడం దగ్గర మాత్రం ఏ ఫిర్యాదూ లేదు.

ప్లాట్‌ఫారం మీద ఆయన బెంచీ మీద గొడుగు నిలబెట్టుకుని కూర్చుని ఉన్నాడు. షాహీనా ఫోను చేతికిచ్చి, రొప్పుతూ చెప్పేసింది. "మేం ఆమె పిల్లలం కాదండీ. నేను ఆమె అక్క కూతుర్ని. వీడు సైకిల్ షాపోళ్ళ పిల్లోడు. మేం గూఢచారులం."

ఆయన మమ్మల్ని పై నుంచి కింది దాకా చూశాడు. "అర్ధగంట ముందర పిల్లలంటిరి. ఇప్పుడు గూఢచారులంటా ఉండారు. గుట్టు బయటపడిందని నేర్పించి తరిమినారా?"

సార్ ముందుకొచ్చి ఛాతీ విరిచారు. "అయ్యా, వాళ్ళు చెప్పేది నిజం. నేను వీళ్ళ అధికారిని."

ఆయన లుంగీ వైపు చూసి ఇంకాస్త దూరం జరిగాడు. రైలు వస్తున్నట్టు మైకులో చెప్పారు.

ఇదీ మా వృత్తిలో అసలు లోతు. అబద్ధం ఒక్క ముక్కలో నమ్మేశాడు. నిజం ముగ్గురం చెప్పినా నమ్మడం లేదు. పట్టాల మీద ఇంజను కనిపించింది. షాహీనా మళ్ళీ వెక్కడం మొదలుపెట్టింది.

ప్లాట్‌ఫారం చివర ఇడ్లీ బండి రమణమ్మ తల ఎత్తింది. "ఏం మే కొరమేనూ, ఎందుకేడస్తా ఉండావు?"

ఆ పేరు అత్యంత రహస్యం.

రమణమ్మ గరిటెతోనే వచ్చింది. షాహీనా వెక్కుతూ చెప్పింది. విని రమణమ్మ పెద్దాయన వైపు తిరిగింది. "దీనికి అమ్మెవురో నీకు తెలవదా? రహంతు. టైలర్ మస్తాన్ పెండ్లాం. దీన్ని కన్నప్పుడు నేను ఆడనే ఉండా. మున్నీ దీనికి పిన్ని, ఇంకా పెండ్లి గాని పిల్ల. ఈ బక్కోడు కోటయ్య కొడుకు. వీళ్ళ తాత బుచ్చిరెడ్డిపాలెంలో మడి సేద్యం చేసేవోడు, వడ్లబండి మీద నిద్రపోయి నెల్లూరు దాకా పోయినోడు."

టీ అమ్మే మనిషి ఆగి, "ఆ కాదు, కోవూరు దాకానే" అన్నాడు. మా తాత ఎక్కడిదాకా పోయాడన్నదాని మీద నలుగురు చేరారు. మా ముత్తాత కూడా ప్రస్తావనకు వచ్చాడు. మేం ఎవరి పిల్లలమో ప్లాట్‌ఫారం మొత్తం సాక్ష్యం చెప్పింది.

"మరి ఈళ్ళు గూఢచారులంట?" అన్నాడు పెద్దాయన, అయోమయంగా.

"అది నిజమే నాయనా. రోజూ నా బండి ఎనకాలే దాక్కుంటారు. ఆకలైతే లేస్తారు."

సార్ గొంతు పీలగా వచ్చింది. "అయితే మన కవరు పోయినట్టేనా రమణమ్మా?"

"ఎప్పుడుండింది సార్?" అంది రమణమ్మ. అని, పెద్దాయన్ని పరీక్షగా చూసింది. "అది సరే గానీ, ఇంతకీ నువ్వెవురి పిల్లోడివి?"

అరవై దాటిన మనిషి. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. వచ్చినప్పటి నుంచీ తప్పించుకుంటున్న ప్రశ్న. "నాయుడుపేట..." అని గొణిగాడు.

"నాయుడుపేటలో ఎవురు? ఉండు ఉండు. రైల్లో దువ్వెనలమ్మే బాషా కొడుకువి గదూ? ఆ చెవులు చూసి అప్పుడే అనుకున్నా! మీ నాయన మా అమ్మకి దంతపు దువ్వెనని చెప్పి ప్లాస్టిక్కుది అంటగట్టినాడు. కూసో. తినేసి పోదువు."

ప్యాసింజరు వచ్చింది, పోయింది. ఖాదర్ బాషా మామ, అదే ఆయన పేరు, ఇడ్లీ తింటున్నాడు. తింటూనే అల్లుడికి ఫోను చేశాడు. "ఇర్ఫాన్, పిల్ల బంగారం రా. ఊరే కొంచెం తేడా" అన్నాడు.

పెళ్ళి జరిగింది. సంగతంతా తెలిశాక పిన్ని నన్నూ షాహీనానూ పెళ్ళయ్యేదాకా షాపు గడప తొక్కనివ్వలేదు. షాపు ఇప్పటికీ అక్కడే ఉంది. ఇర్ఫాన్ గారు సెలవు దొరికినప్పుడల్లా టార్చి పడతారు. సార్ మర్నాడే మా మారుపేర్లన్నీ మార్చి, చేపలకు బదులు కూరగాయలు పెట్టారు. సాయంత్రం ఇడ్లీలకు పోతే రమణమ్మ, "ఏం రా బీరకాయా, ఎన్ని పెట్టేది?" అంది.

మీసం తర్వాత

రిటైరైన రోజున రిటైరైనట్టు నాకేమీ అనిపించలేదు. నిన్న అనిపించింది.

కావలి నుంచి రైలు దిగి నడుస్తున్నాను. స్తంభం చాటు నుంచి స్తంభం చాటుకు ఒక బుడ్డోడు నా వెంటే వస్తున్నాడు. పని తీరు ఘోరంగా ఉంది. చెప్పు ఒకటి ముందే బయటికి వస్తోంది. పట్టించుకోకుండా పోదామనే అనుకున్నాను, ఒట్టు. కానీ కాళ్ళు ఆగాయి, నడుము వంగింది, నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఎవురి పిల్లోడివి రా నువ్వు?"

వాడు రెప్ప వెయ్యలేదు. ఎదురుగా షాపు వైపు చెయ్యి చూపించాడు. "మున్నీ పిల్లోణ్ణి."

చెవులు చూశాను. ఖాదర్ బాషా చెవులే. ఈసారి కవరు కాదు, నిజం.

"నా ఎనక ఎందుకొస్తా ఉండావు?"

"నువ్వు మా సార్ మీద ఏందో రాస్తా ఉండావంట. కనుక్కోమన్నాడు."

"మీ సార్ ఎవురు?"

"చెప్పకూడదు" అన్నాడు. కొంచెం ఆలోచించి, "ట్యూషన్ సార్" అన్నాడు.

ఏం రాస్తున్నానో చెప్పాను. సగం విని, రమణమ్మ బండి వైపు చూడటం మొదలుపెట్టాడు. రెండు ఇడ్లీలు పెట్టించాను. నివేదిక సంగతి పూర్తిగా మరిచిపోయి తిన్నాడు.

శిక్షణ బాగానే సాగుతున్నట్టుంది.